రైటరుగారి కంప్యూటరు

ఒక తప్పు చేశాను. అదృష్టవశాత్తు చాలావరకు దిద్దుకోగలిగాను. దిద్దుకోలేనిది కొంత మిగిలింది. రెండింటినీ ఇక్కడ రాసిపెట్టదలచాను. ఇది చదివేవారిలో ఎక్కువమంది నాలాగే ఇంట్లోనూ ఇరుగుపొరుగులోనూ "కంప్యూటరు తెలిసినవాడు" అనే బిరుదు మోస్తున్నవారే కనుక, ఎప్పుడో ఒకప్పుడు మీకూ అక్కరకు రావచ్చు.

మేముండేది కృష్ణానగర్‌లో. యూసుఫ్‌గూడ నుంచి జూబిలీహిల్స్ చెక్‌పోస్టు వైపు ఎక్కే దారికి పక్కన, పల్లంలో ఉన్న పేట ఇది. తెలుగు సినిమా పరిశ్రమ మద్రాసు నుంచి తరలి వచ్చాక తెరమీద కనిపించేవాళ్ళు గుట్టమీద ఇళ్ళు కట్టుకున్నారు. కనిపించనివాళ్ళు కింద ఇరుకు గదుల్లో అద్దెకు దిగారు. గుట్టమీద కురిసిన వాన కూడా మా వీధుల్లోంచే కిందికి దిగుతుంది.

మా కింది వాటాలో ఉండే పెద్దాయనను అందరమూ రైటరుగారనే పిలిచేవాళ్ళం. వడపళనిలో మొదలుపెట్టి, కృష్ణానగర్‌లో ముగించిన జీవితం. కథా చర్చలకు కూర్చోవడం, పెద్ద రచయితలకు సన్నివేశాలు రాసివ్వడం, షూటింగు మధ్యలో ఆగిపోతే రాత్రికి రాత్రి రెండు పేజీల మాటలు పంపడం ఆయన వృత్తి. పేరు మాత్రం ఏ తెరమీదా పడలేదు. 2023లో ఆయన కాలం చేశారు. ఇప్పుడా వాటాలో ఆయన భార్య ఒక్కరే ఉంటున్నారు. నేను ఆవిడను పిన్నిగారని పిలుస్తాను.

రైటరుగారు చాలాకాలం కాగితం మీద రాసి డీటీపీ దుకాణంలో ఇచ్చేవారు. పేజీకింతని లెక్కగట్టి డబ్బు తీసుకుంటారు కదా. చివరికి విసుగెత్తి తానే కంప్యూటరు కొనుక్కొని, ఆ దుకాణం కుర్రాడి దగ్గరే అను ఖతులతో, ఆపిల్ మీటల అమరికతో టైపు చేయడం నేర్చుకున్నారు. 2007 ప్రాంతంలో నేను కొత్త మతం పుచ్చుకున్నవాడి ఉత్సాహంతో ఆయన వెంటపడ్డాను. యూనికోడులోకి మారండి గురువుగారూ, లేఖినిలో రాసుకోవచ్చు, ప్రపంచంలో ఎవరైనా చదువుతారు అని. ఆయన నా తెరమీది గౌతమి ఖతిని కాసేపు పరీక్షగా చూసి, "అక్షరాలు రేకు కత్తిరించినట్టున్నాయయ్యా. మనం రాసింది ముందు మనకు అందంగా కనబడాలి" అన్నారు. ఆ ఖతి అందం సంగతి మీకు తెలిసిందే, జవాబు చెప్పలేకపోయాను. ఆ తర్వాత యంత్రం ఒకసారి మారింది, ఖతులు మారలేదు.

ఇక నా తప్పు. విండోస్ 10 కు మైక్రోసాఫ్టు మద్దతు 2025 అక్టోబరు 14న ముగిసింది. పిన్నిగారు ఆ కంప్యూటరులో మనవరాలితో మాట్లాడతారు, పింఛను లెక్కలు చూసుకుంటారు. అమెరికాలో ఉన్న కొడుకు ఫోన్‌చేసి "అన్నయ్యా, అమ్మ సిస్టం పాతబడిపోయింది, కొంచెం చూడవా" అన్నాడు. అది 2013లో కొన్న యంత్రం. విండోస్ 11 అడిగే టీపీఎం 2.0 అందులో లేదు. పాత కూర్పుకే మరో ఏడాది భద్రతా సవరణలు పొందే ఏర్పాటు అప్పటికే ప్రకటించి ఉంది. బుద్ధిమంతుడైతే దానితో సరిపెట్టేవాడు. నేను మాత్రం ఆ తనిఖీని దాటవేసే ఉపాయం తెలిసినవాణ్ణి. తయారుచేసినవాళ్ళే వద్దన్న పనిని, తెలుసు కదా అనే ధీమాతో చేశాను. అంతకంటె పెద్ద తప్పు, ముందుగా ఒక్క దస్త్రాన్నయినా వేరేచోటికి తీసిపెట్టుకోలేదు. "గంటలో అయిపోతుంది పిన్నిగారూ" అన్నాను.

అది అక్టోబరు 29, బుధవారం. మోంథా తుపాను తీరం దాటిన మరునాడు. ఉదయం నుంచి ముసురు. తెరమీద అంకె అరవై రెండు శాతం దగ్గర ఉండగా కరెంటు పోయింది. యూపీఎస్ రెండుసార్లు కూతపెట్టి ఊరుకుంది. దాని బ్యాటరీ ఎన్నడో చచ్చిపోయిందట, పిన్నిగారికి తెలుసు, నేను అడగలేదు. కరెంటు వచ్చాక మీట నొక్కితే నీలి తెరమీద నాలుగు వాక్యాలు వచ్చాయి. యంత్రాన్ని లేపడానికి కావలసిన సమాచారం ఉన్న దస్త్రం కనబడలేదట, మరమ్మతు చేయాలట.

"ఏమైంది నాయనా?"

"ఏం లేదు పిన్నిగారూ. లేవడం లేదు, అంతే."

ఇక్కడ లేవడమంటే ఏమిటో కొంచెం చెప్పాలి. తన బూటు పట్టీలు తానే పట్టుకొని పైకి లేవడమనే ఇంగ్లీషు నానుడి నుంచి వచ్చిన మాట "బూట్". మా పేటలో ఆ క్రమాన్ని రోజూ తెల్లవారుజామున చూడవచ్చు. ముందు ప్రొడక్షను కుర్రాడు లేస్తాడు. అతడు వ్యాను డ్రైవరును లేపుతాడు. వ్యాను వీధి మొగదలకు వస్తే మేకప్పువాళ్ళు, కాస్ట్యూమువాళ్ళు, జూనియర్ ఆర్టిస్టులు ఎక్కుతారు. హీరోగారు లేచేది అందరికంటె చివర. కంప్యూటరూ అంతే. మీట నొక్కగానే మదర్‌బోర్డు మీది చిన్న చిప్పులోని బయోస్ మేలుకొని, డిస్కులోని మొట్టమొదటి గదిని చదువుతుంది. ఇలాంటి పాత యంత్రాల్లో ఆ గది పరిమాణం 512 బైట్లు. అందులో 446 బైట్లు లేపే సూచనలు; 64 బైట్లు డిస్కు ఎన్ని భాగాలుగా ఉందో చెప్పే పట్టిక; చివరి రెండు బైట్లు ముద్ర. ఆ గది తనకంటె కొంచెం పెద్దవాణ్ణి లేపుతుంది, ఆ పెద్దవాడు ఇంకొకణ్ణి. హీరో వంటి విండోస్ లేచేది ఆఖరున. మధ్యలో ఒక్కడు లేవకపోతే ఆ రోజు షూటింగు లేదు. అలాగని హీరో పోయినట్టు కాదు, కథ పోయినట్టు అంతకన్నా కాదు.

ఈ సంగతి నాకు తెలుసు. అయినా భయంలో తెలివి పనిచేయదు. మరమ్మతు చేసే అవకాశాన్ని ఒకటి కాదు, మూడుసార్లు నొక్కాను. నొక్కిన ప్రతిసారీ అది డిస్కుమీద ఏదో రాస్తుంది. పోగొట్టుకున్నదాన్ని వెతుక్కునేచోట కొత్తగా ఏమీ రాయకూడదన్నది మొదటి సూత్రం. ఆ సూత్రాన్ని ఇతరులకు బోధించినవాణ్ణి నేను. మూడోసారి డిస్కులోంచి టక్, టక్ మని సన్నని చప్పుడు మొదలైంది. అప్పటికి ఆపాను.

"ఆయన రాసినవన్నీ అందులోనే ఉన్నాయి కదూ?" అన్నారు పిన్నిగారు. అడిగిన తీరులో నింద లేదు. అందువల్ల ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

పడుకొని 2024 జూలై 19ని గుర్తుచేసుకున్నాను. ఒక భద్రతా సంస్థ పంపిన చిన్న నవీకరణలో దోషం వల్ల ప్రపంచమంతటా కంప్యూటర్లు నీలి తెరతో నిలిచిపోయిన రోజు. 85 లక్షల విండోస్ యంత్రాలని మైక్రోసాఫ్టు అంచనా. మన శంషాబాదు విమానాశ్రయంలో బోర్డింగు పాసులు చేత్తో రాసిచ్చారు. ఆ కాగితం బొమ్మ లోకమంతా తిరిగింది. అన్ని లక్షల యంత్రాలకూ మందు ఒక్కటే. సేఫ్ మోడులో తెరిచి ఒక దస్త్రాన్ని తీసివేయడం. లోపలి సరకు ఎక్కడిదక్కడే ఉంది, లేపేవాడు మాత్రం గుమ్మంలో కూలబడ్డాడు. ఇదీ అటువంటిదే కావాలని కోరుకున్నాను. కానీ వాటిలో డిస్కు టక్‌టక్ మనలేదు కదా అని మనసు వెంటనే గుర్తుచేసింది.

మరునాడు పెట్టెను ఆటోలో పెట్టుకొని అమీర్‌పేట వెళ్ళాను. మైత్రీవనం చుట్టుపక్కల గోడలన్నీ శిక్షణ కేంద్రాల ప్రకటనలే. ఆ సందుల్లో మరమ్మతు దుకాణాలకూ కొదవ లేదు. మొదటి దుకాణంలో ఇరవై ఏళ్ళ కుర్రాడు పెట్టె విప్పి, డిస్కుకు కరెంటిచ్చి, చెవి దగ్గర పెట్టుకొని విన్నాడు. స్టెతస్కోపు లేని డాక్టరులా ఉన్నాడు.

"సార్, ఫార్మాట్ కొట్టి కొత్తది ఎక్కించమంటే అరగంట పని. పాతది కావాలంటే మాత్రం నావల్ల కాదు. ఎవరైనా ఎక్కిస్తానన్నా ఇవ్వకండి. ఇంకోసారి ఆన్ కూడా చేయకండి" అన్నాడు. డబ్బు తీసుకోలేదు. ఇన్నేళ్ళ నా అనుభవం చెప్పని మాటను ఆ కుర్రాడు చెప్పాడు. అక్కడే వేరొక దుకాణంలో ఒక కొత్త డిస్కు, పాత డిస్కును ల్యాప్‌టాపుకు తగిలించే తీగ కొనుక్కొని ఇంటికి వచ్చాను.

తర్వాత చేసినది వివరంగా రాస్తున్నాను, ఎవరికైనా పనికివస్తుందని. నా ల్యాప్‌టాపును పెన్‌డ్రైవులోని లినక్సుతో తెరిచాను. పాత డిస్కులోని దస్త్రాలను తెరవడానికి ప్రయత్నించలేదు. ముందు డిస్కు మొత్తానికీ నకలు తీయాలి. దానికి డీడీరెస్క్యూ అనే స్వేచ్ఛా సాఫ్టువేరు ఉంది. దాని పద్ధతి పరీక్ష రాసే తెలివైన విద్యార్థి పద్ధతి. సులువుగా చదవగలిగిన గదులన్నింటినీ మొదట నకలు చేసుకుంటుంది. మొరాయించిన చోట ఆగిపోకుండా దాటుకొని, గుర్తు పెట్టుకొని ముందుకు పోతుంది. అంతా అయ్యాక వెనక్కి వచ్చి కష్టమైనవాటిని చిన్న చిన్న ముక్కలుగా ప్రయత్నిస్తుంది. ఎక్కడిదాకా వచ్చిందో ఒక పటంలో రాసుకుంటుంది కనుక, మధ్యలో ఆపినా అక్కడినుంచే మళ్ళీ మొదలుపెట్టవచ్చు. చావుబతుకుల్లో ఉన్న డిస్కును ఎన్నిసార్లు చదివిస్తే అంత నలిగిపోతుంది; అందుకే దక్కేది ముందు దక్కించుకోవాలి.

500 గిగాబైట్ల డిస్కు. రాత్రి తొమ్మిదింటికి మొదలుపెడితే మరునాడు సాయంత్రానికి ముగిసింది. పిన్నిగారు రెండుసార్లు మెట్లెక్కి వచ్చి గుమ్మంలోంచి చూసి వెళ్ళారు. ఆసుపత్రిలో అడిగినట్టు "ఎలా ఉంది?" అని అడిగారు. చివరకు ఎంతకూ చదవలేకపోయినవి కొన్ని వందల కిలోబైట్లు. అంత పెద్ద డిస్కులో అది గోరంత. కాని ఆ గోరంత ఎవరి గొంతుమీద పడిందో అప్పటికి తెలియదు.

నకలును, చదవడానికే తప్ప రాయడానికి వీలులేని పద్ధతిలో తెరిచాను. రైటరుగారి పేరున్న ఫోల్డరు ఉండవలసిన చోట లేదు. గుండె జారింది. ఒక్క నిమిషం తర్వాత గుర్తొచ్చింది. ఉన్నతీకరణ మొదలయ్యాక పాత ఇల్లంతటినీ విండోస్.ఓల్డ్ అనే కొట్టుగదిలోకి సర్దుతుంది. అక్కడ వెతికితే ఆయన తెరమీది నాలుగు ఫోల్డర్లూ నాలుగు మూటల్లా ఉన్నాయి. మూడువందల పైచిలుకు వర్డు దస్త్రాలు. ఒకదాన్ని తెరిచాను.

తెరనిండా పిచ్చిగీతలు. లాటిను అక్షరాలు, వాటి నెత్తిన టోపీలు, మధ్యమధ్య డాలరు గుర్తులు. ఇంకొకటి తెరిచాను, అదే తీరు. డిస్కు అన్నింటినీ నమిలేసిందనుకున్నాను. పిన్నిగారికి ఎలా చెప్పాలో మాటలు వెతుక్కుంటూ చాలాసేపు ఆ తెరవంకే చూశాను. చూస్తూ ఉండగా అది ఎక్కడో చూసిన వికృతరూపంలా అనిపించింది. మిత్రులారా, మీరీపాటికే పోల్చుకొని ఉంటారు. ఒక్కో తెలుగు పత్రికకు ఒక్కో సొంత ఖతి ఉన్న రోజుల్లో, ఆ ఖతి దించుకోకుండా పేజీ తెరిస్తే కనబడిన రూపమే ఇది. పద్మ అనే ఫైర్‌ఫాక్సు పొడిగింత వచ్చి ఆ పేజీలను యూనికోడులోకి మార్చి చూపినప్పుడు మనం పొందిన ఆనందం గుర్తుందా? ఆ తరహా పొడిగింతలను 2017 నవంబరులో వచ్చిన ఫైర్‌ఫాక్సు 57 వదిలేసింది. మనమూ ఆ అవసరం తీరిపోయిందనుకొని మరచిపోయాం.

డిస్కు ఏమీ నమలలేదు. ఖతి లేదు, అంతే. ఆ ఖతులు అదే కొట్టుగదిలో, పాత విండోసు ఫోల్డరులో దొరికాయి. వాటిని చేర్చి దస్త్రం మళ్ళీ తెరిస్తే, రైటరుగారు ముచ్చటపడ్డ ఆ గుండ్రని అక్షరాలు ఒక్కసారిగా బారులు తీరాయి. దస్త్రం వివరాల్లో రచయిత అనే గడి చూశాను. పెట్టె అమర్చిన కుర్రాడు పెట్టిన "యూజర్" అనే మాట ఉంది. అక్కడా ఆయన పేరు పడలేదు.

కంటికి తెలుగు కనబడినంత మాత్రాన పని తీరలేదు. "అమ్మ" అనే మాట కోసం ఆ దస్త్రంలో వెతికితే ఒక్కటీ దొరకలేదు, పేజీకి నాలుగు అమ్మలు ఉన్నా సరే. పాత పద్ధతిలో దాచేది అక్షరాన్ని కాదు, అక్షరం బొమ్మను. "స్త్రీ" అనే మాటనే చూడండి. యూనికోడులో అది స, పొల్లు, త, పొల్లు, ర, గుడి దీర్ఘం అనే ఆరు సంకేతాల వరుస. మనం పలికే క్రమమే దాచే క్రమం. తెలుగుకు కేటాయించిన 128 గళ్ళలో ఎవరి గది వారిది. ఖతి మారినా అక్షరం మారదు. పాత పద్ధతిలో సీ ఒక బొమ్మ, తావత్తు ఒక బొమ్మ, క్రావడి ఒక బొమ్మ. ఆ ఖతి ఉన్నంతకాలమే అవి తెలుగు. ఖతి ఎక్కడో పారేసుకుంటే, నిక్షేపంగా ఉన్న డిస్కులో కూడా నిక్షేపంగా చచ్చి ఉంటాయి. యంత్రం లేవకపోవడం చిన్న జబ్బు. ఆయన రాతకు అంతకుముందునుంచే ఉన్న పెద్ద జబ్బు ఇది: ఒకే పెట్టె, ఒకే ఖతి, ఒకే నకలు. అది తెలిసిన మనిషిని ఆయన పక్కన నేనొక్కణ్ణే. 2007లో ఒకసారి చెప్పి, ఆయన నవ్వితే నేనూ నవ్వి, పదహారేళ్ళు ఊరుకున్నాను. "మీరు రాసేది మీకు నచ్చిన ఖతిలోనే రాసుకోండి, నెలకోసారి నేను మార్చి దాస్తాను" అని ఉంటే ఆయన కాదనేవారు కారు.

బొమ్మలను యూనికోడులోకి మార్చే పరికరాలు ఇప్పుడు దొరుకుతాయి. ఒకదానితో మార్చి, ఆ ఆదివారం ల్యాప్‌టాపు పట్టుకొని కిందికి దిగాను. పిన్నిగారు మొదట అడిగింది స్క్రిప్టులను కాదు. "లెక్కలు అని ఒకటి ఉండాలి, చూడు" అన్నారు. ఉంది. సినిమా, సన్నివేశాలు, ఒప్పుకున్నది, ముట్టినది అని నాలుగు గళ్ళ పట్టిక. నాలుగో గడి చాలాచోట్ల ఖాళీ. చదవమన్నారు, చదివాను. పూర్తయ్యాక, "ఇది ఎవరికీ చూపించకు నాయనా. ఉందని తెలిస్తే చాలు" అన్నారు. అందుకే ఆ పేర్లు ఇక్కడ రాయడం లేదు.

తర్వాత ఒక సన్నివేశం చదవడం మొదలుపెట్టాను. ఊరెళ్ళే కొడుక్కి తల్లి అన్నం వడ్డిస్తూ ఉంటుంది. ఇద్దరిమధ్యా ఏదో తగవు నడుస్తూ ఉంటుంది. మార్పిడిలో వత్తులు కొన్ని చెదిరిపోయాయి. కష్టం కషమైంది, పెద్ద పెద అయింది. నేను తడబడిన చోటల్లా పిన్నిగారు అందించారు. రెండో పేజీలో ఉన్నట్టుండి అక్షరాలు ఆగిపోయాయి. అరపేజీ తెల్లగా ఉంది. డిస్కు చదవలేకపోయిన ఆ గోరంత పడినచోటు అది.

"ఇక్కడ పోయింది పిన్నిగారూ" అన్నాను.

ఆవిడ పప్పు ఏరుతున్న చేట పక్కన పెట్టారు. "'అన్నం చల్లారిపోతుందిరా, కోపం ఎక్కడికీ పోదు' అంటుంది తల్లి" అని మొదలుపెట్టి, కొడుకు మాట, తల్లి మాట, మళ్ళీ కొడుకు మాట వరుసగా చెప్పుకుపోయారు. మాటల మధ్య "ఇక్కడ వాడు కంచంలో చెయ్యి పెడతాడు" అని కూడా చెప్పారు. రైటరుగారు ఏ రాత్రి ఏది రాసినా ముందు ఆవిడకు చదివి వినిపించేవారట. వంటింటి గుమ్మంలో కూర్చొని విని, ఎక్కడ కళ్ళు తుడుచుకున్నారో చూసుకొని, ఆ మాటలు ఉంచి మిగతావి కొట్టేసేవారట. నాకు ఇరవై ఏళ్ళ పరిచయం. ఈ సంగతి తెలియదు.

ఆవిడ చెబుతుంటే నేను టైపు చేశాను. చివరికి వచ్చేసరికి ఆగారు. "తలుపు దగ్గర నిలబడి తల్లి ఒక మాట అంటుంది. చిన్న మాటే. అది విని హాల్లో జనం ఏడ్చారని ఆయన వచ్చి చెప్పారు." చాలాసేపు ఆలోచించారు. రాలేదు. ఆ సినిమా తీసి చూద్దామన్నాను. "సినిమాలో మార్చారు నాయనా, ఆయన రాసింది వేరు" అన్నారు. అక్కడ చుక్కలు పెట్టి వదిలేశాను.

ఆ తర్వాత ప్రతి ఆదివారం సాయంత్రం ఒక దస్త్రం చొప్పున చదువుకుంటున్నాం. నేను చదువుతాను, ఆవిడ దిద్దుతారు. దిద్దినవాటిని మూడుచోట్ల దాస్తున్నాను: నా దగ్గరొకటి, అమెరికాలో కొడుకు దగ్గరొకటి, పిన్నిగారి బీరువాలో పెన్‌డ్రైవులో ఒకటి. ప్రతి దస్త్రం మొదట రచన అని రాసి, ఆయన పూర్తి పేరు టైపు చేస్తున్నాను. పిన్నిగారి కంప్యూటరులో కొత్త డిస్కు వేసి లినక్సు ఎక్కించాను. మనవరాలు అందులోనూ కనబడుతోంది కనుక ఆవిడకు ఫిర్యాదు లేదు. యూపీఎస్‌కు బ్యాటరీ కూడా మార్చాను.

మీ ఇళ్ళలోనూ ఇటువంటి పెట్టె ఒకటి ఉండే ఉంటుంది. నాన్నగారి పద్యాలో, తాతగారి ఆత్మకథో, మీరే పాత ఖతుల్లో రాసుకొని మరచిన కథలో అందులో ఉండవచ్చు. దాన్ని బాగుచేయడానికి పూనుకోకముందే నకలు తీయండి. తీసిన నకలును యూనికోడులోకి మార్చండి. మార్చినదాన్ని ఆ రాతతెలిసిన మనిషి బతికి ఉండగానే పక్కన కూర్చోబెట్టుకొని ఒకసారి చదివించుకోండి. మేము వచ్చే ఆదివారం చదవబోయేది మద్రాసు రోజుల నాటి నాటకం. ఈలోగా ఆ తలుపు దగ్గరి మాట గుర్తొస్తే పైకి కేక వేస్తానన్నారు పిన్నిగారు.